మూడు చుక్కల తేడా: ఒక ఫ్యామిలీ వీసా కేసు

దుబాయిలోని అల్ కుసైస్‌లో ఒక టైపింగ్ సెంటరులో, అంటే వీసా దరఖాస్తులు నింపిపెట్టే చోట, పదిహేనేళ్లుగా పని చేస్తున్నాను. మా కౌంటరు దగ్గరికి వచ్చే తెలుగువారిలో చాలామంది అడిగేది ఒకటే ప్రశ్న: "అన్నా, ఇంటివాళ్లను తెచ్చుకోవాలి, ఎంత అవుతుంది?" ఎంత అవుతుందో చెప్పడం తేలిక. ఎక్కడ ఆగుతుందో చెప్పడమే కష్టం. నేను చూసినంతలో ఫ్యామిలీ వీసా ఇక్కడి ఇమిగ్రేషన్ కౌంటరులో ఆగేది తక్కువ. ఊళ్లో ఎవరో చూసుకోకుండా టైపు చేసిన ఒక అక్షరం దగ్గరే అది ఆగిపోయి ఉంటుంది. ఆ సంగతి బయటపడేది మాత్రం ఇక్కడికి వచ్చాక.

ఇప్పుడు రాస్తున్న కేసులో అదే జరిగింది. అందులో నా తప్పు కూడా ఉంది, దాన్ని దాచకుండా రాస్తాను. క్లయింటు పేరు, ఊరు అక్కర్లేదు. పాత కరీంనగర్ జిల్లా మనిషి, ఏసీ మెకానిక్కు, అప్పటికి తొమ్మిదేళ్లుగా దుబాయిలో ఉన్నాడు. ఊళ్లో భార్య, తొమ్మిదేళ్ల కూతురు, నాలుగేళ్ల కొడుకు. కొడుకును మొత్తం కలిపి నాలుగు నెలలు చూసి ఉంటాడు, అవీ సెలవుల్లోనే.

మొదటి రోజు

2023 జూలైలో, శుక్రవారం సాయంత్రం వచ్చాడు. జూలై అంటే ఏసీ పనివాళ్లకు తిండికి కూడా తీరిక దొరకని నెల. చొక్కా మీద ఉప్పు చారికలతో అలాగే వచ్చి కూర్చున్నాడు. ముందే గట్టి నమ్మకంతో వచ్చాడు: "నా వీసాలో మెకానిక్కు అని ఉంది కదా, నాకు ఫ్యామిలీ వీసా రాదు. అయినా ఒకసారి అడిగి పోదామని."

కార్మికులు ఉండే క్యాంపుల్లో ఈ మాట ఇంకా తిరుగుతూనే ఉంది. ఒకప్పుడు నిజమే. భార్యాపిల్లలను తెచ్చుకోవడానికి ఫలానా ఉద్యోగాలవారే అర్హులని ఉండేది. 2019లో యూఏఈ మంత్రివర్గం ఆ షరతు ఎత్తేసి, ఆదాయాన్నే కొలబద్ద చేసింది. నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000 దిర్హాములతో పాటు వసతి. వీసాలో మెకానిక్కు అని ఉన్నా, మేస్త్రి అని ఉన్నా ఇబ్బంది లేదు. ఈ సంగతి చెప్పినప్పుడు అతను సంతోషించలేదు. నాలుగేళ్లు ఊరికే పోయాయని లెక్క వేసుకుంటూ కాసేపు మాట్లాడలేదు.

తర్వాత జీతం సంగతి అడిగాను. "నాలుగు వేల మూడు వందలు" అన్నాడు. లేబర్ కాంట్రాక్టు చూపించమంటే ఫోనులోంచి తీశాడు. అందులో ఉన్నది 3,200. బేసిక్ 1,900, మిగతాది అలవెన్సులు. పై పదకొండు వందలు ఓవర్‌టైము. ఎండాకాలం వస్తుంది, చలికాలం తగ్గుతుంది. ఇమిగ్రేషన్ దృష్టిలో అది జీతం కాదు. కాంట్రాక్టులో రాసి ఉన్నదే జీతం.

"3,000 ప్లస్ వసతి కింద వస్తుంది కదా?" అని మా పక్క కౌంటరు కుర్రాడు అన్నాడు. కాగితం మీద వస్తుంది. కానీ ఆ వసతి ఏమిటి? సోనాపూర్ క్యాంపులో ఎనిమిది మంది గదిలో ఒక పై మంచం. కుటుంబానికి ఇల్లు ఇస్తున్నామని కంపెనీ లేఖ ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. పోనీ తనే ఇల్లు అద్దెకు తీసుకుంటే వసతి అన్న ఆసరా పోతుంది, అప్పుడు 4,000 చూపించాలి. ఒక కాలు ముందుకు వేస్తే రెండోది జారే మెట్టు ఇది. తక్కువ జీతంతో వచ్చే కేసులు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటాయి.

అతను ఇంకో మాట కూడా చెప్పాడు. క్యాంపులో ఎవరో డబ్బు తీసుకుని అద్దె కాగితం ఇస్తారట, ఇల్లు ఉండాల్సిన పని లేదట. అలాంటి కాగితం పెడితే నేను ఫైలు ముట్టుకోనని చెప్పాను. నీతి సంగతి అటుంచి, ఆ ఇంటిని ఎవరైనా వచ్చి చూస్తే పోయేది అతని వీసా, అతని తొమ్మిదేళ్ల ఉద్యోగం. కాగితం అమ్మినవాడికి పోయేదేమీ లేదు.

కాంట్రాక్టు

మాటల్లో తేలిన సంగతి ఏమిటంటే, అతను ఏడాదిగా సూపర్‌వైజరు పని చేస్తున్నాడు. కింద పన్నెండు మంది ఉన్నారు. కాంట్రాక్టు మాత్రం పాతదే. వీసా కోసం జీతం పెంచమని అడగవద్దని, చేస్తున్న పనికి తగిన కాంట్రాక్టు అడగమని చెప్పాను. ఈ రెండింటికీ ఆఫీసులో వచ్చే జవాబు వేరుగా ఉంటుంది. కంపెనీ మందూబ్, అంటే ప్రభుత్వ కార్యాలయాల పనులు చూసే మనిషి, మంచివాడు, ఫైలు ముందుకు తోశాడు. సెప్టెంబరులో కొత్త కాంట్రాక్టు వచ్చింది. మొత్తం 4,500.

అందులోనూ ఒక తిరకాసు ఉంది. బేసిక్ అదే 1,900 ఉంచి, పెంపు అంతా ఇంటి అద్దె, ఇతర అలవెన్సుల్లో పెట్టారు. గ్రాట్యుటీ లెక్క కట్టేది బేసిక్ మీద కనుక, కంపెనీకి ఆ భారం పెరగలేదు. అతనికి కోపం వచ్చింది, సంతకం పెట్టనన్నాడు. కోపం న్యాయమైనదే. కానీ ఒక యుద్ధానికి వెళ్లినవాడు దారిలో ఇంకో యుద్ధం మొదలుపెట్టకూడదు. వీసా లెక్కకు మొత్తం జీతం సరిపోతుంది, గ్రాట్యుటీ సంగతి తర్వాత తేల్చుకో అన్నాను. రెండు రోజులు ఆలోచించి సంతకం పెట్టాడు.

బ్యాంకు ఖాతా లేదు! జీతం కార్డు మీద వచ్చేది. నెల మొదట్లో ఎక్స్ఛేంజి దగ్గర వరసలో నిలబడి తీసుకోవడం, సగం ఊరికి పంపడం, అంతే. స్టేట్‌మెంటు లేదు, చెక్కుబుక్కు లేదు. చెక్కులు లేకపోతే ఇల్లు ఇచ్చేవారు ఉండరు. కొత్త కాంట్రాక్టు చూపించి ఖాతా తెరిపించి, జీతం అందులో పడేలా చేయించాం. మూడు నెలల స్టేట్‌మెంటు చేతికి రావాలంటే ఎలాగూ జనవరి దాటుతుంది. ఈలోగా ఊళ్లో పని పూర్తి చేసుకోవచ్చని లెక్క వేసుకున్నాం.

ముప్పై రోజుల సెలవు

ఊళ్లో పని అంటే మూడు కాగితాలు: పెళ్లి ధ్రువపత్రం, ఇద్దరు పిల్లల జనన ధ్రువపత్రాలు. మూడింటిలో ఒక్కటి కూడా సిద్ధంగా లేదు.

పెళ్లి 2012లో జరిగింది. ఊరంతా చూసిన పెళ్లి, రిజిస్టరు చేయించలేదు. మన పల్లెల్లో ఇది వింత కాదు. పెళ్లికి వచ్చినవారే సాక్ష్యం, ఇక కాగితం దేనికి? ఇప్పుడు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించాలంటే భార్యాభర్తలు ఇద్దరూ స్వయంగా వెళ్లాలి, సాక్షులు రావాలి, శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసు, చిరునామా రుజువులు కావాలి. అంటే అతను విమానం ఎక్కక తప్పదు. శుభలేఖ దొరకలేదు. చివరికి వాళ్ల మేనత్త ఇంట్లో, గోడకు వేలాడే తీగకు గుచ్చిన పాత శుభలేఖల గుత్తిలో ఒకటి దొరికింది, పసుపు రాసిన మూల ఎలుక కొరికి. తేదీ, ముహూర్తం ఉన్న భాగం మిగిలింది, అది చాలు.

కూతురు 2014 మార్చిలో పుట్టింది, కొడుకు 2019లో. ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో పుట్టారు. కూతురి కాగితం మీద కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. కొడుకు కాగితం మీద జగిత్యాల జిల్లా, తెలంగాణ. 2014 జూన్ 2న రాష్ట్రం మారింది, 2016 అక్టోబరు 11న జిల్లా మారింది, ఆసుపత్రి మాత్రం ఉన్నచోటే ఉంది. మనకు ఇది కథ, అరబిక్‌లోకి అనువదించేవారికి మాత్రం అనుమానం. ఒకే తల్లిదండ్రుల పిల్లలు వేర్వేరు రాష్ట్రాల్లో ఎలా పుట్టారని ఇంతకుముందు ఒక కేసులో నన్ను అడిగారు. అందుకే కూతురిది మీసేవలో తాజా ప్రతి తీయించమన్నాను. అది తెలంగాణ పేరుతో వచ్చింది.

కొడుకుది ఇంకో సమస్య. ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీ. పుట్టినప్పుడు పేరు పెట్టకుండానే నమోదైంది, ఇరవై ఒకటో రోజున పేరు పెట్టారు, రిజిస్టరులో రాయించడం ఎవరికీ గుర్తు రాలేదు. జనన మరణాల నమోదు చట్టంలో దీనికి దారి ఉంది. పుట్టిన పన్నెండు నెలల లోపు అయితే రుసుము లేకుండా, ఆ తర్వాత ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా పేరు చేర్పించుకోవచ్చు. కొడుకు పాస్‌పోర్టు ఈ కాగితం మీదే ఆధారపడింది కనుక, ఊళ్లో దిగిన మర్నాడే ఆ పని మొదలుపెట్టమని చెప్పి పంపాను. ఒక తెల్లకాగితం మీద వరస రాసిచ్చాను: మొదట కొడుకు పేరు, రెండు పెళ్లి నమోదు, మూడు పిల్లల పాస్‌పోర్టులు.

అక్టోబరు 12న వెళ్లాడు. దసరా ఎప్పుడో నేను చూసుకోలేదు. అక్టోబరు మూడో వారం నుంచి సద్దుల బతుకమ్మ, దసరా, సెలవులు. పైగా తొమ్మిదేళ్ల తర్వాత పండగకు ఇంట్లో ఉన్న మనిషిని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం చుట్టూ తిరగమంటే ఎవరు ఊరుకుంటారు? ముప్పై రోజుల్లో పది రోజులు అలా పోయాయి. పోనీలే అనిపిస్తుంది ఇప్పుడు.

పాస్‌పోర్టుల విషయంలో రెండు మాటలు గట్టిగా చెప్పాను. మొదటిది, పిల్లల దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీ వదలవద్దు. మనవాళ్లు ఇంటిపేరు, పేరు కలిపి ఒకే గడిలో రాసేస్తారు, లేదా పేరు ఒక్కటే రాసి ఊరుకుంటారు. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవారిని విజిట్ వీసా మీద రానివ్వబోమని ప్రకటించింది. తర్వాత కొంత సడలించారు, లోపలి పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే చాలన్నారు. అయినా కొత్తగా తీసేటప్పుడు ఆ గొడవ ఎందుకు? రెండోది, భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉంది, దాన్ని మార్చవద్దు. అత్తింటివారు మార్చాలని పట్టుబట్టారు. పెళ్లితో ఇంటిపేరు మారి తీరాలని ఏ చట్టమూ అనదు, ఇక్కడి ఇమిగ్రేషన్ కూడా అడగదు. ఉన్న పేరు కదిలించామా, ఆధార్ నుంచి అన్నీ కదులుతాయి.

పేరు కదిలించవద్దని అంత గట్టిగా చెప్పిన నేనే, ఆ పేరు చూడాల్సిన చోట చూడలేదు.

వాట్సాప్ ఫొటో

నవంబరు మొదటి వారంలో పెళ్లి నమోదైంది. కార్యాలయం మెట్ల మీద నుంచే అతను ధ్రువపత్రం ఫొటో పంపాడు. నేను అప్పుడు వీసా దరఖాస్తులు తీసుకునే అమేర్ సెంటరులో వరసలో ఉన్నాను. ఫొటో పెద్దది చేసి చూశాను. పెళ్లి తేదీ సరిగ్గా ఉంది. భర్త పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉంది. ముద్ర ఉంది, సంతకం ఉంది. బొటనవేలు గుర్తు పంపాను. అతను సంతోషంగా పదకొండో తారీఖున తిరిగి వచ్చాడు.

తర్వాత మూడు కాగితాలూ ధ్రువీకరణకు వెళ్లాయి. హైదరాబాదులో రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయ ముద్ర, ఇక్కడికి వచ్చాక యూఏఈ విదేశాంగ శాఖ ముద్ర. మధ్యలో అతని తమ్ముడు రియాద్ నుంచి ఫోను చేసి, "మాకు అపోస్టిల్ ఒక్కటి చాలంటున్నారు, మీ వాడు డబ్బు గుంజుతున్నాడు" అన్నాడట. అపోస్టిల్ అంటే, ఆ ఒప్పందంలో ఉన్న దేశాలు రాయబార కార్యాలయం ముద్ర అడగకుండా ఒప్పుకునే ముద్ర. తమ్ముడు చెప్పింది సౌదీ వరకు నిజం. సౌదీ అరేబియా అపోస్టిల్ ఒప్పందంలో చేరింది, 2022 డిసెంబరు నుంచి అక్కడ అది చెల్లుతుంది. భారత్ అంతకు చాలా ముందే, 2005 నుంచే ఉంది. యూఏఈ మాత్రం చేరలేదు. అందుకే ఇక్కడికి రాయబార కార్యాలయం ముద్ర తప్పదు. అపోస్టిల్ వేయించుకుని వచ్చి లబోదిబోమన్నవారిని చాలామందిని చూశాను.

జనవరి మొదట్లో నాలుగు ముద్రలతో మూడు కాగితాలూ నా బల్ల మీదికి వచ్చాయి. ఇక్కడి విదేశాంగ శాఖ ముద్రకు కాగితానికి 150 దిర్హాములు. చట్టబద్ధ అనువాదకుడికి పంపాను. ఆయన ఈజిప్టు మనిషి, నెమ్మదస్తుడు. మధ్యాహ్నం ఫోను చేశాడు.

"భార్య పేరులో సీన్ రాయాలా, షీన్ రాయాలా?"

నాకు అర్థం కాలేదు. పాస్‌పోర్టు ప్రతి, ధ్రువపత్రం పక్కపక్కన పెట్టుకుని చూడమన్నాడు. అప్పుడు చూశాను.

ఆమె పేరులో లక్ష్మి ఉంది. తెలంగాణలో ఇంగ్లీషులో లక్ష్మి రాసేటప్పుడు చాలామంది ఎక్స్ వాడతారు: ఎల్, ఎ, ఎక్స్, ఎం, ఐ. కోస్తాలో అయితే కె, ఎస్, హెచ్. ఆమె పాస్‌పోర్టులో, ఆధార్‌లో, ఇద్దరు పిల్లల జనన ధ్రువపత్రాల్లో ఎక్స్ ఉంది. పెళ్లి ధ్రువపత్రంలో కె, ఎస్, హెచ్ ఉంది. తెలుగులో రాస్తే రెండూ ఒకే పేరు. పిలిస్తే రెండూ ఒకే పిలుపు. అరబిక్‌లో మాత్రం ఎక్స్ ఉన్నది సీన్ అవుతుంది, ఎస్ హెచ్ ఉన్నది షీన్ అవుతుంది. ఆ రెండు అక్షరాల ఆకారం ఒకటే, షీన్ మీద మూడు చుక్కలు ఉంటాయి. అంతే తేడా.

నా ఫోనులో నవంబరు ఫొటో మళ్లీ తెరిచాను. కె, ఎస్, హెచ్ స్పష్టంగానే ఉన్నాయి. నేను భర్త పేరు అక్షరం అక్షరం చదివాను, భార్య పేరు ఊహించుకున్నాను. తెలిసిన పేరును కన్ను చదవదు, గుర్తు పడుతుంది. అదే ఏ పోలండు పేరో అయి ఉంటే ప్రతి అక్షరం చూసేవాడిని.

మూడు దారులు

సాయంత్రం అతన్ని పిలిపించి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అతను అరవలేదు. "ఇంత చిన్నదానికా అన్నా?" అన్నాడు.

మొదటి దారి, అలాగే పెట్టి చూడటం. అధికారి పట్టించుకోకపోవచ్చు. అలా గట్టెక్కిన కేసులు నాకు తెలుసు. పట్టుకుంటే తిరస్కరణ, మళ్లీ రుసుము. రెండో దారి, ఈ రెండు పేర్లూ ఒకే మనిషివి అని ప్రమాణపత్రం చేయించి, దానికీ ధ్రువీకరణ వేయించి జత చేయడం. ఇక్కడ చాలామంది చేసేది ఇదే, నేనూ చాలాసార్లు చేయించాను. మూడో దారి, ధ్రువపత్రాన్నే సరి చేయించి, నాలుగు ముద్రలూ మొదటి నుంచి మళ్లీ వేయించడం.

అతను రెండోదానివైపు మొగ్గాడు. నేను మూడోది చెప్పాను. కారణం ఇది: ఇద్దరు చిన్నపిల్లలున్న ముప్పై ఏళ్ల ఆమె వస్తోంది. ఈ కాగితం ఒక్క వీసాతో పని తీరి అటక ఎక్కదు. రెండేళ్లకోసారి వీసా రెన్యువల్ ఉంటుంది, ఇక్కడ పాప పుడితే ఆసుపత్రి అడుగుతుంది, అతను ఉద్యోగం మారితే ఫైలు మళ్లీ మొదలవుతుంది. ప్రతిసారీ ప్రమాణపత్రం వెంట పెట్టుకుని, ప్రతిసారీ కొత్త గుమాస్తాకు ఎక్స్ కథ చెప్పాలి. ఒకసారి బాగు చేస్తే కథ ఉండదు. ఇది అందరికీ వర్తించే సలహా కాదు. పిల్లలు పెద్దవారై, ఒక్క ఏడాది ఉండి వెళ్లిపోయేవారికి నేనే ప్రమాణపత్రం చాలంటాను.

రెండోసారి ధ్రువీకరణ ఖర్చులో సగం నేను పెట్టుకున్నాను, నా రుసుము తీసుకోలేదు. నేనేదో గొప్ప పని చేశానని చెప్పడం కాదు, కేసు లెక్కలో అది కూడా ఉంది కనుక రాస్తున్నాను.

మళ్లీ అతను సెలవు పెట్టి వెళ్లాల్సి వస్తుందేమోనని భయపడ్డాం. గట్టెక్కించింది దరఖాస్తుతో జత చేసిన కాగితాలు. ఇద్దరూ సంతకం పెట్టిన దరఖాస్తులో, దాని వెనక కుట్టిన ఆమె పాస్‌పోర్టు ప్రతిలో ఎక్స్ ఉంది. బయట కూర్చుని టైపు చేసిపెట్టే దస్తావేజు లేఖరి అలవాటు కొద్దీ కె, ఎస్, హెచ్ కొట్టాడు, ఎవరూ చదవకుండా సంతకాలు పడ్డాయి. అంటే అది టైపు పొరపాటే కానీ పేరు మార్పు కాదని కాగితమే చెబుతోంది. ఆమె తన మామగారిని తోడు తీసుకుని నాలుగుసార్లు తిరిగింది. మూడోసారి "ఆయన రావాలి" అని తిప్పి పంపారు. నాలుగోసారి ఆమె దరఖాస్తు ప్రతి చేతిలో పట్టుకుని, వేలితో ఆ అక్షరం చూపించి, సరిచేసిన ధ్రువపత్రం వచ్చేదాకా బల్ల మీద నుంచి లేవలేదట. ఈ సంగతి మామగారు ఫోనులో చెబుతుంటే ఆయన గొంతులో కొంచెం గర్వం వినిపించింది.

ఈసారి ఫొటో వద్దన్నాను. ఆమెతో ఫోనులో మాట్లాడి, "అమ్మా, కాగితం చూసి ఒక్కో అక్షరం చదువు" అన్నాను. చదివింది. నేను పాస్‌పోర్టు ప్రతి మీద ఒక్కో అక్షరం కింద పెన్సిలుతో గీత పెట్టుకుంటూ విన్నాను. ఆమె పేరు, అతని పేరు, నలుగురు తల్లిదండ్రుల పేర్లు, తేదీలు. పదమూడు నిమిషాలు పట్టింది. ఎక్స్ దగ్గరికి వచ్చేసరికి కావాలనే గట్టిగా చదివింది, నవ్వు వచ్చింది ఇద్దరికీ.

ఫిబ్రవరి ఆఖరుకు ముద్రలన్నీ పడి కాగితం మళ్లీ వచ్చింది. అనువాదకుడు చుక్కలు లేకుండా రాసిచ్చాడు.

ఇల్లు, వీసా

మిగతాది వేగంగా సాగింది. 4,500 జీతంలో దుబాయిలో విడిగా ఇల్లు అంటే కుదరని పని. షార్జాలో ఏడాదికి 18,000 దిర్హాములకు ఒక స్టూడియో దొరికింది, ఆరు చెక్కుల మీద. అద్దె ఒప్పందాన్ని షార్జా మునిసిపాలిటీలో ధ్రువీకరింపజేశాం. వీసా మాత్రం దుబాయిలోనే, ఎందుకంటే స్పాన్సరు, అంటే తెచ్చుకునే భర్త, వీసా ఏ ఎమిరేటుదైతే కుటుంబం వీసా కూడా అక్కడిదే. ఆ అద్దె కాగితాన్ని దుబాయి ఇమిగ్రేషన్ అభ్యంతరం లేకుండా తీసుకుంది.

ఇల్లు చూసేటప్పుడే ఒక సంగతి గుర్తు చేశాను. దుబాయి వీసాకు దుబాయి నిబంధనల ప్రకారం ఆరోగ్య బీమా భర్తే తీసుకోవాలి. చవక పాలసీల్లో ఆసుపత్రుల జాబితా చిన్నది. కాపురం షార్జాలో కనుక ఇంటి దగ్గర క్లినిక్కు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. చాలామంది పాలసీ ధర చూస్తారు, జాబితా చూడరు. పిల్లల కంటే భార్యకు ప్రీమియం ఎందుకు అంత ఎక్కువని అడిగాడు. ప్రసూతి ఖర్చు కూడా అందులో కలిసి ఉంటుందని చెప్పాను.

మార్చిలో ముందు భార్యకు, తర్వాత పిల్లలకు ఎంట్రీ పర్మిట్లు వచ్చాయి. మార్చి 30న ముగ్గురూ దిగారు. ఇక్కడి భారతీయ పాఠశాలలకు ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం మొదలవుతుంది, సరిగ్గా అందుకున్నారు. దిగిన రోజు నుంచి అరవై రోజుల్లో మిగతా పని పూర్తి చేయాలి. వైద్య పరీక్ష పద్దెనిమిదేళ్లు దాటినవారికే కనుక భార్యకు ఒక్కదానికే.

దానికి తేదీ ఏప్రిల్ 17 తీసుకున్నాను. ఏప్రిల్ 16న ఏం జరిగిందో ఇక్కడున్నవారెవరూ మరిచిపోరు. 1949లో వాన లెక్కలు మొదలుపెట్టాక అంత వాన ఈ దేశంలో పడలేదని అధికారులు ప్రకటించారు. వాళ్ల వీధిలో మోకాళ్ల పైకి నీళ్లు, భవనంలో లిఫ్టు ఆగిపోయింది, కరెంటు పోయింది. ఎడారి దేశమని వచ్చిన పిల్లాడు బాల్కనీలోంచి కాగితం పడవలు వదిలాడని తండ్రి వీడియో పంపాడు. పరీక్ష పది రోజులు వెనక్కి పోయింది. గడువు మే చివరిదాకా ఉంది కనుక కంగారు పడలేదు. అరవై రోజులు ఉన్నాయని యాభయ్యో రోజు దాకా కూర్చునేవారికి చెప్పడానికి నాకు మంచి ఉదాహరణ దొరికింది. గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా, అదీ మనిషికి.

మే రెండో వారంలో ముగ్గురి కార్డులూ వచ్చాయి. 2022 నుంచి పాస్‌పోర్టులో వీసా స్టిక్కరు లేదు, ఎమిరేట్స్ ఐడీ కార్డే నివాస రుజువు. ఆమె కార్డు తీసుకోవడానికి స్వయంగా వచ్చింది. అరబిక్ పేరు వైపు వేలు పెట్టి, "ఇందులో చుక్కలు ఎక్కడ ఉండకూడదు అన్నయ్యా?" అని అడిగి చూపించుకుంది.

తర్వాత

అదే ఏడాది చివర్లో ఆమె తల్లికి జబ్బు చేసి ఊరికి వెళ్లింది, పిల్లలను ఇక్కడే ఉంచి. దేశం బయట ఆరు నెలలకు మించి ఉంటే నివాస వీసా చెల్లకుండా పోతుంది. ఆమె వెళ్లిన తేదీ నా పుస్తకంలో రాసుకుని, నూట యాభయ్యో రోజున అతనికి ఫోను చేశాను. నూట అరవై ఎనిమిదో రోజున తిరిగి వచ్చింది. ఈ ఆరు నెలల లెక్క గుర్తు చేయడానికి మేము రుసుము తీసుకోం. కానీ దీన్ని మరిచిపోయి మొదటికి వచ్చిన ఫైళ్లు ఏటా రెండు మూడు నా బల్ల మీదికి వస్తాయి.

నేను పని పద్ధతి మార్చుకున్నాను. ఊరి నుంచి వచ్చే ఏ కాగితాన్నీ ఇప్పుడు ఫొటో చూసి సరే అనను. ముద్రలకు వెళ్లేలోపు ఎవరో ఒకరు ఫోనులో ఒక్కో అక్షరం చదివి వినిపించాలి. కొందరు విసుక్కుంటారు. మొన్న కోనసీమ నుంచి ఒక పెద్దాయన తన అల్లుడి సుబ్రహ్మణ్యాన్ని పూర్తిగా చదివేసరికి ఆయాసం వచ్చి మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాడు.

2025 సెప్టెంబరులో మన ఏసీ మెకానిక్కు మళ్లీ వచ్చాడు, మిఠాయి డబ్బాతో. ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రిలో పెళ్లి ధ్రువపత్రం అడిగారట, ఇచ్చాడట, జనన ధ్రువపత్రానికి పంపారట, అంతే. ఎవరూ ఏమీ అడగలేదని ఆశ్చర్యంగా చెప్పాడు. పుట్టిన రోజు నుంచి 120 రోజుల్లో పాపకు భారత పాస్‌పోర్టు తీయించి నివాస వీసా పెట్టాలని తేదీ రాసిచ్చాను. పేరు ఇంకా అనుకోలేదన్నాడు. వాళ్ల అమ్మకేమో లక్ష్మి కలిసేలా పెట్టాలని ఉందట.

"పెట్టుకో తమ్ముడూ," అన్నాను, "ఎక్సో, కె ఎస్ హెచ్చో ముందే నిర్ణయించుకుని రా."